తియ్యనీళ్ళ లోతు

1966 జనవరి 23, ఆదివారం

ఉప్పు కొటార్లో పని పోయింది. మేస్త్రీ మా అమ్మను ఒక మాట అన్నాడు. నేను తలమీదున్న ఉప్పు గంప వాడి కాళ్ళ మీద దించాను. దించడమంటే దించడమే. పడెయ్యలేదు. వాడు కుంటడం చూసి అందరూ పడేశాననే అన్నారు.

ఆరేళ్ళు ఆ ఉప్పు మడుల్లో నిలబడ్డాను. నా అరికాళ్ళు మనిషి అరికాళ్ళలా ఉండవు. బాధేమీ లేదు. బాధ ఉంటే రాసేవాణ్ణి.

ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. మిషన్ బంగళా దగ్గర పాలపిండి గంజి పోస్తుంటే వరసలో నిలబడింది. పోయిన వానాకాలం చినుకు పడలేదు. పల్లె పల్లెంతా గిన్నెలు పట్టుకుని అక్కడే ఉంది. దూరం నుంచి చూసి వెనక్కి వచ్చేశాను. అమ్మ గంజి తెచ్చి నా ముందు పెట్టింది. తాగనన్నాను.

"తాగకపో. రేపు నీ కోసరం ఇంకో గిన్నె మొయ్యబళ్ళేదు" అంది.

తాగాను.

"మీ మామ కాడికి పో. దొరువు కాడ భుజాలు కావాలంట" అంది తర్వాత.

మామంటే అమ్మ అన్న కామాక్షయ్య. సరుగుడు తోపుకూ ఉప్పుటేటికీ మధ్య ఇసుక నేల మా పల్లెకిచ్చారు. విడివిడిగా కాదు, పల్లె మొత్తానికి. అందులో అందరూ కలిసి రాగి వేస్తున్నారు. పండితే ఎండలు పోయేదాకా పల్లె తింటుంది. పండకపోతే గంజి వరసే.

ఇసుకలో రాగి! వేరే పని దొరికేదాకా పోతాను. అంతే.

జనవరి 25

దొరువంటే బావి అనుకున్నాను. కాదు. ఇసుకలో వాలుగా తవ్విన పెద్ద గుంట. అడుగున నీళ్ళు ఊరుతుంటాయి. చేతికొక కడవ పట్టుకుని దిగాలి, ముంచాలి, ఎక్కాలి, నారుమడి మీద చల్లాలి, మళ్ళీ దిగాలి. ఎక్కేటప్పుడు కాలికింద ఇసుక జారుతుంది. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి.

నా ముందు కామమ్మత్త నడుస్తోంది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, నోరుంది.

"ఏమబ్బయా, ఉప్పు మోసిన భుజమని మీయమ్మ ఊరంతా చెప్పె. సగం కడవ ఇసకకే పోస్తుండావే! దోవ మొలకెత్తుద్దా?"

"నువ్వు పక్కకు జరిగితే సరిగ్గా పోస్తా."

"నేను జరిగితే మడి గూడా జరగాల. అది నన్నొదిలి ఉండలేదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పొద్దు నెత్తిమీదికి రాగానే మామ కడవ బోర్లించాడు. ఆయన్ని చూసి అందరూ బోర్లించి తోపు నీడకు పోయి కూర్చున్నారు.

"ఏంది మామా, అప్పుడే?"

"దొరువు పడుకుంటుండాది. లెయ్యనీ."

మన నీడ మనంత పొడుగు అయ్యేదాకా ఎవరూ గుంటలోకి దిగరట. ఇక్కడి పద్ధతట. సోమరితనానికి మంచి పేరు పెట్టుకున్నారు. కొటార్లో ఉప్పు ఎవరి కోసమూ పడుకోలేదు.

జనవరి 26

భుజాలు.

ఫిబ్రవరి 6, ఆదివారం

నాట్లు నిన్నటితో అయిపోయాయి. నేను నాటిన సాళ్ళు చూసి కామమ్మత్త "పాము నడిచిన దోవలో నాటినావా?" అంది. వంకరగా నాటినా మొక్క మొక్కే అన్నాను. "కలుపు తీసేటప్పుడు నీ నడుముకు తెలుస్తాదిలే" అంది.

ఉప్పు బస్తాల్లో ఎక్కి ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు. ఈ పైరు ఎవరెవరి కుండలోకి పోతుందో పేరు పేరునా చెప్పగలను. అందువల్ల ఏదో అయిందని కాదు. ఊరికే రాస్తున్నాను.

ఫిబ్రవరి 20, ఆదివారం

మొన్నటిదాకా నారుమడి ఒక్కటే. ఇప్పుడు నేలంతా మడులే. దొరువు మాత్రం అదే. పొద్దు ఎక్కకముందే అడుగు కనబడుతోంది. కడవ ముంచితే సగం నీళ్ళు, సగం ఇసుక. చివరి మడులకు చుక్క అందడం లేదు. ఆకు చుట్ట చుట్టుకుపోతోంది.

ఇవాళ మిషన్ గుడి నుంచి రాగానే అందరూ దొరువు దగ్గర చేరారు. నేను చెప్పాను. లోతు తవ్వుదాం. కొటార్లో ఊట తగ్గితే మేం చేసేది అదే. తవ్వేకొద్దీ వస్తాయి. రాకుండా ఉన్న రోజు నేను చూడలేదు.

మామ తల అడ్డంగా ఊపాడు. "నడుము లోతు దాటగూడదు. గంగమ్మకు కోపమొస్తాది."

"ఇప్పుడేగా గుడి నుంచొస్తివి. అంతలోనే గంగమ్మంటావేంది మామా?"

"గుళ్ళో ఉండేది ఆయన. గుంటలో ఉండేది ఆమె. నీకెందుకురా వాళ్ళ తగూ?"

"దాటితే ఏమైతాది? ఆ ముక్క చెప్పు."

"చెడతాది."

"ఎట్ట చెడతాది?"

"చెడతాదని మా నాయన చెప్పినాడు. ఎట్టని నేనడగలా. అడిగితే తన్నేవాడు."

ఈ మనిషితో ఏం మాట్లాడతాం? శివరాత్రి లోపల వాన పడకపోతే మీసం తీసేస్తానన్నాడు. శివరాత్రి మొన్న పోయింది. మీసం ఉంది.

కామమ్మత్త వాడిపోతున్న మడి వైపు చూసి పార అందుకుంది. "పైరు నా కళ్ళముందర సచ్చిపోతుండాది. గంగమ్మ కోపం నాకు కనపళ్ళేదు. తవ్వుదాం పాండి."

ఫిబ్రవరి 22

మనిషి లోతు. చివరగా గడ్డపార దిగేసరికి ఊట బుస్సున తన్నింది. చూస్తుండగానే నా మోకాళ్ళదాకా వచ్చింది. పైన ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

"రుచి చూడబ్బయా! ఉప్పు సంగతి నీకు తెలిసినట్టు ఎవురికి తెలుసు?" అని కామమ్మత్త పైనుంచి అరిచింది.

దోసిట్లో పట్టి తాగాను. తీపి. తీపని చెప్పాను. నేను చెప్పాక ఇంకెవరూ నోట్లో పోసుకుని చూడలేదు.

సాయంత్రానికి చివరి మడికి కూడా నీళ్ళందాయి. మధ్యాహ్నం పడక మానేశాం. ఎంత ముంచినా తరగడం లేదు, ఇంక దొరువు పడుకోవడం దేనికి? పనంటే ఇట్లా ఉండాలి. మామ ఒక్కడే తోపులో కూర్చుని నశ్యం పీలుస్తున్నాడు. కూర్చోనీ.

ఫిబ్రవరి 23

నీళ్ళే నీళ్ళు.

మార్చి 5

దొరువు పక్క మడుల్లో ఆకు కొన పసుపు తిరిగింది. ఎండ.

మార్చి 8

ఎండే. ఈ ఏడు ముందుగా వచ్చింది. ఆ మడులకు ఇంకాసిని నీళ్ళు ఎక్కువ పొయ్యమన్నాను.

మార్చి 10

కొనలు మాడినట్టున్నాయి. నీళ్ళు మళ్ళీ రుచి చూశాను. తీపే. ఎండ.

"ఎండైతే అన్ని మడుల్నీ కాల్చాల గదబ్బయా" అంది కామమ్మత్త. ఆమెకేం తెలుసు.

మార్చి 14, సోమవారం

పొద్దున్నే అందరికంటే ముందు పోయాను. నిన్న గుడి ఉందని ఒక్క పూటే నీళ్ళు పోశాం. మడి గట్లు ఆరి ఉన్నాయి. వాటిమీద తెల్లగా పూసి ఉంది. పిండి చల్లినట్టు.

అదేమిటో నాకు తెలుసు. కొటార్లో దాన్ని నాకంటే ముందు పసిగట్టేవాడు లేడు. మడిలో ఆ తెల్లదనం తొలిసారి కనబడ్డ రోజు అందరం నవ్వుకునేవాళ్ళం. ఉప్పు పూసింది, ఇంక కూలికి ఢోకా లేదని. ఇవాళ దాని ముందు కూలబడ్డాను.

ఆరేళ్ళు ఉప్పు గాలి మింగిన నాలుక నాది. ఆ మాత్రం ఉప్పు దానికి ఉప్పే కాదు. తాగే నీళ్ళు పల్లె బావి నుంచి కుండతో తెచ్చుకుంటాం గనక ఇంకెవరి నోటికీ తగల్లేదు. ఇసుకలో పైన నిలిచేవి వాన నీళ్ళు. వాటి కింద సముద్రం ఉంది. నేను గడ్డపారతో సముద్రాన్ని లేపాను. లేపి, కడవలతో మోసి, పల్లె తిండి మీద పోయించాను.

అందరూ వచ్చాక చెప్పాను. తల ఎత్తే చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. కామమ్మత్త వేలితో గట్టు గీసి నాలుకకు రాసుకుని ఉమ్మింది. మామ మడులన్నీ తిరిగి వచ్చి, "పీకి గొడ్లకెయ్యండి. ఇంక ఇది పంటయ్యేది కాదు" అని ఇంటికి పోయాడు. "నేను ముందే చెప్పలేదా" అని మాత్రం అనలేదు. ఆ మాటన్నా అనివుండాల్సింది.

సాయంత్రం జ్ఞానప్రకాశం వచ్చాడు. కొటార్లో నా పక్క మడిలో పనిచేసేవాడు.

"జయకుమారూ, ఆ మేస్త్రీని మార్చేసినారు. కొత్తాయన నిన్ను రమ్మంటుండాడు. రేపు పోదాం రా. ఈ ఇసక పిసుక్కుంటా ఈడేం చేస్తావు?"

వస్తానన్నాను. రేపు పోతాను.

మార్చి 15

పోలేదు. గుంట అట్లా వదిలేసి పోతే ఎవరో ఒకరు మళ్ళీ అందులోనే ముంచుతారు. పూడ్చి పోతాను.

మార్చి 16

పూడుస్తున్నాను. కామమ్మత్త పిలవకుండానే తట్ట పట్టుకుని వచ్చింది. నీకెందుకన్నాను. "నువ్వొక్కడివే తవ్వినావా? నేనూ తవ్వితిని" అంది.

రేపు పోతాను.

మార్చి 17

నడుము లోతుకు పూడ్చాం. నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయట. కామమ్మత్త చెప్పింది. నేను కూడా దోసిలి పట్టబోతే, "నీ నాలుక నోట్లోనే దాచుకో నాయనా. అది చేసిన మేలు చాలు" అంది. ఆమె నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ గుంట ఇంక పనికిరాదు. తోపుకు అవతల మిట్ట మీద కొత్తది మొదలుపెట్టాం. జ్ఞానప్రకాశానికి కబురు చెయ్యాలి, ఇంకో రెండు రోజులని.

మార్చి 20, ఆదివారం

కొత్త దొరువు నడుము లోతే. నేనే లోపల నిలబడి చూశాను. కామమ్మత్త రుచి చూసింది, అమ్మ చూసింది, ఇంకా ఎవరెవరో చూశారు. తీపి. కాని ఊట సన్నం, దూరం ఎక్కువ. మడులన్నిటికీ చాలదు.

పాత దొరువు పక్కనున్న కింది మడులు బాగా దెబ్బతిన్నాయి. వాటిని వదిలేసి పై మడులు దక్కించుకుందామని అందరూ అన్నారు. వదిలేస్తే పల్లె మళ్ళీ ఎప్పుడు గిన్నెలు పట్టుకోవాలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

"కింది మడులకు నేను పోసుకుంటా. మీరంతా పోసినాక మిగిలిన ఊటతో" అన్నాను.

"వొక్కడివి ఎంతని పోస్తావు?" అంది అమ్మ.

"చేతనైనంత. కాకపోతే అప్పుడు గొడ్లకేస్తాలే."

ఉప్పును కడగాలంటే ఊరికే చల్లితే లాభం లేదు. మడి నిండా తడవాలి. ఆ నీళ్ళు కిందికి దిగుతూ ఉప్పును వెంట తీసుకుపోవాలి. ఆరనిస్తే ఉప్పు మళ్ళీ పైకి ఎక్కుతుంది. కొటార్లో అది పైకి ఎక్కాలని ఆరబెట్టేవాళ్ళం. ఇక్కడ ఎక్కకూడదని తడపాలి. అంతే తేడా.

మార్చి 27

జ్ఞానప్రకాశం మళ్ళీ వచ్చాడు. తోపు దగ్గర నిలబడి నేను కడవలతో ఎక్కడం, దిగడం కాసేపు చూశాడు. పిలవకుండా వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 3

చేతి బొటనవేలు వాచింది. కుడి కడవ ఎడమచేత్తో, ఎడమ కడవ కుడిచేత్తో మోసినా కడవ కడవే.

ఏప్రిల్ 10, ఈస్టరు

పల్లెంతా గుళ్ళో ఉంది. నేను పోలేదు. ఒక్క పూట తప్పితే కింది మడులు మళ్ళీ తెల్లబడతాయి. పాటలు తోపు మీదుగా వినబడుతుంటే నీళ్ళు మోశాను. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి దొరువు అడుగు తేలింది. అయినా దిగి, చెంబుతో ఇసుక మీద నీళ్ళు గీకి కడవలో పోస్తున్నాను.

"ఆ గీకుడేందిరా, మాడిపోయిన సంగటి కుండ గీకినట్టు!"

పైన మామ. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన తల. గొడ్లకెయ్యమని ఇంటికి పోయినవాడు మళ్ళీ ఇవాళే ఈ నేలమీద కాలు పెట్టాడు.

"నీకేం పని ఈడ? పీకెయ్యమంటివిగా."

"అంటి. పీకినావా లేదా చూద్దామని వస్తి. పైకి రా."

"రాను."

"నువ్వు రాకపోతే నేను దిగాల. చొక్కా కొత్తది. మీయత్త చంపేస్తాది."

ఎక్కి వచ్చాను. తోపు నీడలో కూర్చున్నాం. సరుగుళ్ళు గాలికి హోరుమంటుంటే సముద్రం దగ్గరికి వచ్చినట్టుంటుంది.

"మామా, నిజం చెప్పు. మద్యానం దొరువు ఎందుకు పడుకోవాల?"

నశ్యం డబ్బా తీశాడు. తీరిగ్గా పీల్చాడు, తుమ్మాడు, పైపంచెతో ముక్కు తుడుచుకున్నాడు.

"నాకేం తెలుసురా! మా నాయన కూచునేవాడు, నేనూ కూచుంటుండా. ఆయనకు నడుం నొప్పి."

నవ్వు ఆగలేదు. మామకూ ఆగలేదు. నేను తవ్విందీ ఏమవుతుందో తెలియకే, ఆయన వద్దన్నదీ ఎందుకో తెలియకే. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

తర్వాత పనిలేక దొరువు అంచున బోర్లా పడుకుని లోపలికి చూశాను. ఇసుక గోడ చెమ్మగా మెరుస్తోంది. చూస్తున్నంతసేపూ ఏమీ కదలదు. కాసేపు తోపు వైపు తిరిగి మళ్ళీ చూస్తే అడుగున పళ్ళెమంత నీళ్ళు. ఇంకోసారి చూస్తే చాటంత. ఎవరూ తవ్వలేదు, ఎవరూ గీకలేదు. ఆరేళ్ళూ నీళ్ళు ఎండిపోవడం కోసం కాచుకున్నాను గాని వాటంతటవే ఊరుతుంటే ఎన్నడూ చూడలేదు. పొద్దు వాలేదాకా అట్లాగే పడుకుని చూశాను. కోపం గుర్తుకు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వచ్చింది, ఇన్నాళ్ళు ఎవరూ చూపించలేదని.

నీడలు పొడుగయ్యాక మామ చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. కింది మడిలో వంగి ఒక మొక్క పట్టుకున్నాడు. పాత ఆకులు మాడిపోయి ఉన్నాయి. నడుమ కొత్త సుడి పచ్చగా లేస్తోంది.

"ఇది బతికింది గదరా" అన్నాడు, నేనేదో దాచినట్టు.

కడవ తీసుకున్నాడు.

ఏప్రిల్ 12

కింది మడులకు నీళ్ళు పోయడానికి ఇవాళ నలుగురు వచ్చారు. నేను అడగలేదు.

ఏప్రిల్ 24, ఆదివారం

వెన్ను గింజ పట్టింది. పై మడుల్లో ముడిచిన పిడికిలి అంత. కింది మడుల్లో పిల్ల వేళ్ళంత.

పనిలో ఉన్నప్పుడు కోపం ఎక్కడికి పోతుందో తెలియదు. ఇంటికి రాగానే తిరిగి వస్తుంది. గుమ్మం దగ్గరే కూర్చుని ఎదురు చూస్తుంటుందేమో.

కొటారు సంగతి రాయడం మర్చిపోయాను. నా మడిలో ఇంకొకణ్ణి పెట్టుకున్నారట. జ్ఞానప్రకాశం చెప్పాడు. సరే అన్నాను.

మే 8, ఆదివారం

కోయడం, ఎండబెట్టడం, కర్రలతో కొట్టడం, సముద్రపు గాలికి తూర్పార పట్టడం. అన్నీ అయ్యాయి. రెండు కుప్పలు. పై మడులది పెద్దది. గింజ ఎర్రగా, గట్టిగా ఉంది. కింది మడులది చిన్నది. గింజ నొక్కుకుపోయి తేలిగ్గా ఉంది. గట్టిగా ఊదితే లేచిపోతుంది. వేరుగా కొట్టి వేరుగా పోయించింది నేనే.

పంపకం రేపు. ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని వంతులు. ఇది పల్లె మొదట్లోనే అనుకున్న మాట.

నేనొకటి అనుకున్నాను. చిన్న కుప్ప మొత్తం నేను తీసుకుంటాను. పెద్ద కుప్పలో మాకు వంతు వద్దు. ఉప్పునీళ్ళు పోయించింది నేను. ఆ గింజ ఇంకొకరి కుండలోకి పోగూడదు. అమ్మకు చెప్పాను. వింది, లేచిపోయి చాట కడుక్కుంది. పొద్దున అందరిముందూ చెబుతాను. ఏ మాట తర్వాత ఏ మాటో కూడా కూర్చుకున్నాను. బాగా వచ్చింది.

మే 9

పోయేసరికి కుప్ప ఒకటే ఉంది.

కామమ్మత్త పార పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ తిప్పేస్తోంది. కింది గింజ పైకి, పై గింజ కిందికి. మామ చాటతో అంచులు ఎగదోస్తున్నాడు. అమ్మ పక్కనే నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

"ఏం చేస్తుండావు?"

"కనపళ్ళా? కలుపుతుండా."

"అవి యేరుగా పెట్టినా గదా! అవి నావి!"

"యాడ? చూపించు. గింజ మీద నీ పేరుంటే ఏరుకో, ఎవురొద్దన్నారు?"

"చెడగొట్టింది నేను. ఆ గింజ నేను తింటా. మీకెందుకు?"

అరిచాను. పల్లెంతా చూస్తోంది. ఆమె పార ఆపలేదు.

"ఆ పొగరు ఇంటికాడ పెట్టుకో. తవ్వేటప్పుడు నీ పక్కన మేముండాం. మోసేటప్పుడు ఉండాం. ఇప్పుడు నువ్వొక్కడివే మూల కూచోని తాలు గింజ తిని ఏడుస్తావా? అంత సుఖం నీకియ్యం."

ఎవరో కిసుక్కుమన్నారు. మామ చాట నా చేతిలో పెట్టాడు.

"పట్టుకోరా. పొద్దెక్కుతుండాది."

చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పిడికెడు గింజలు తీసి అరచేతిలో చూశాను. గట్టివి, తేలికవి. ఏరడానికి వీలుకాకుండా ఉన్నాయి.

ఒక్కొక్క ఇల్లే గంప పట్టింది. నేను కొలిచి పోశాను. మా గంప అన్నిటికంటే చివర పెట్టాను. అందులోనూ అందరి గంపల్లో పడ్డ గింజే పడింది.